ఇంటిపేరు డైవర్

మా తమ్ముడు కాహిర్ తెలివితక్కువవాడని ఊళ్ళో అంటారు. నేను ఒప్పుకోను. తెలివితక్కువవాడికి తనని చూసి ఎవరు నవ్వుతున్నారో తెలియదు, అదొక సుఖం. వీడికి అన్నీ తెలుసు. తెలిసి కూడా వెళ్ళి సరిగ్గా అక్కడే నిలబడతాడు.

మా ఇంటిపేరు డైవర్. ఐర్లాండు ఉత్తరాన, డోనెగాల్ తీరంలో ఆ ఇంటిపేరు వాళ్ళం చాలామందిమే ఉన్నాం. పాత ఐరిష్ పేరేదో ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి నలిగి ఇలా తయారైంది తప్ప, నీళ్ళలో మునగడానికీ మాకూ ఏ సంబంధమూ లేదు. మా నాన్న జీవితమంతా పడవ మీద చేపలు పట్టాడు, ఈత రాదు. ఆయన నాన్నకీ రాదు. ఈత వచ్చినవాడు చావడానికి ఇంకాస్త ఎక్కువసేపు తీసుకుంటాడు, అంతకన్నా లాభం లేదనేవాడు నాన్న. మా ఊళ్ళో ఆ పేరు విని ఎవరూ నవ్వరు. మంగలి డైవర్ ఉన్నాడు, ఫాదర్ డైవర్ ఉన్నాడు, తాగి రోడ్డు పక్కన పడుకునే డైవర్ కూడా ఉన్నాడు.

కాహిర్ పోస్ట్‌మాన్. పచ్చ వ్యాన్ వేసుకుని కొండమీది ఇళ్ళన్నీ తిరుగుతాడు. పెళ్ళి చేసుకోలేదు. వాడి అక్కని, నేనూ చేసుకోలేదు. రేవు దగ్గర నా టీ దుకాణం, వాడి వ్యాను, రాత్రికి ఇద్దరం ఒకే పొయ్యి ముందు. ఇలా హాయిగా వెళ్ళిపోయేది.

వాడికి నలభై దాటిన వేసవిలో, రేవులో దిగిన, నీళ్ళలో మునిగే డైవర్ల గుంపుకి పార్సెల్ ఇవ్వడానికి వెళ్ళాడు. సంతకం, పేరు, ఆ మాటా ఈ మాటా వచ్చాయి. వీడి పేరు వినగానే వాళ్ళు విరగబడి నవ్వారట. డైవర్ అని పేరు పెట్టుకుని ఉత్తరాలు పంచుకుంటున్నావా అన్నాడట ఒకడు. ఇంకెవడైనా అయితే ఓ బూతుమాట అని వచ్చేసేవాడు. వీడు ఇంటికొచ్చి పళ్ళెంలో బంగాళాదుంపలు కెలుకుతూ కూర్చున్నాడు. ఆ శీతాకాలమే హోటల్ కొలనులో, గాలి బెలూన్లు చేతులకి కట్టుకున్న చిన్నపిల్లల మధ్య, ఈత నేర్చుకోవడానికి చేరాడు. ఆ పిల్లలందరి ఇళ్ళకీ ఉత్తరాలిచ్చేది వీడే.

అక్కడితో ఆగాడా అంటే లేదు. ఏళ్ళ తరబడి ఒక్కో చదువూ చదివాడు, ఒక్కో పరీక్షా రాశాడు. మా వసారా నిండా సిలిండర్లు, గొట్టాలు, ఎంత ఎండబెట్టినా వాసన పోని రబ్బరు బట్టలు. ఇదంతా దేనికయ్యా అంటే, యుద్ధంలో మునిగిన ఓడల్ని చూడటానికి. డెబ్బై మీటర్లు కిందికి, హీలియం కలిపిన గాలి పీలుస్తూ దిగుతారు. దిగి చూసేది ఇరవై నిమిషాలు, పైకి రావడానికి గంటన్నర. తొందరపడి వస్తే రక్తంలో బుడగలు పుట్టి కాళ్ళూ చేతులూ పడిపోతాయి, లేకపోతే మనిషే పోతాడు. ఆ గంటన్నరా నీళ్ళ మధ్యలో వేలాడాలి కాబట్టి సూటు లోపల పెద్దవాళ్ళ డైపర్ కట్టుకుంటారు. మనవళ్ళున్న మగవాళ్ళు, ఉద్యోగాలూ పరువూ ఉన్నవాళ్ళు, తుప్పు చూడటానికి డైపర్ కట్టుకుంటారు.

మా మందుల దుకాణంలో కాహిర్ ఆ ప్యాకెట్ కొనుక్కొచ్చిన రోజున నేనే అన్నాను, "నువ్వు డైవర్‌వి కాదురా, డైపర్‌వి" అని. వారం తిరిగేసరికి ఊరంతా అదే అంది. వాడికి కోపం రాలేదు. నవ్వాడు. వాడితో వచ్చిన చిక్కే అది.

వాడికి కావలసింది మాత్రం ఒక్కటే. ఆ లోతు ఓడల మీదికి దిగే అసలు మనుషులు తనని డైవర్ అని పిలవాలి. నవ్వకుండా, మామూలుగా, తమలో ఒకణ్ణి పిలిచినట్టు పిలవాలి. ఈ మాట నాతో ఒక్కసారే చెప్పాడు, పొయ్యిలోకి చూస్తూ. నేను వంటసోడా రొట్టె కోస్తున్నాను, కోస్తూనే ఉన్నాను. ఏమనాలో తెలియక కాదు, అంటే ఆగలేనని.

మా ఉత్తరపు సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు ముంచిన ఓడలు చాలానే ఉన్నాయి. అమ్మ చిన్నప్పుడు కొవ్వు పీపాలు ఒడ్డుకి కొట్టుకొస్తే ఊరి ఆడవాళ్ళు కొవ్వొత్తులు చేసుకున్నారట. మనుషులూ కొట్టుకొచ్చారు. వాళ్ళని చర్చి వెనక మా డైవర్ల పక్కనే పాతిపెట్టారు. ఆ ఓడల గురించి మాకు తెలిసింది అంతే. అంతకు మించి తెలుసుకోవాలని మా వాళ్ళెవరికీ బుద్ధి పుట్టలేదు.

పుట్టింది డెరిక్‌కి. ఇంగ్లాండులో, సముద్రం చూడాలంటే సగం రోజు కారు నడపాల్సిన ఊళ్ళో, స్నానాలగది సామాన్ల వ్యాపారం చేస్తాడు. ఆ ఊళ్ళో ఒక డైవింగ్ క్లబ్బు, దానికి ఇతనే పెద్ద. లారీలు మోసుకెళ్తూ మునిగిన ఓడ ఒకటి మా తీరానికి అవతల ఉందని, వచ్చే వేసవిలో దాని మీదికి దిగాలని ఇతనికి బుద్ధిపుట్టింది. ఇక్కడి పనులు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఊరి పోస్ట్‌మాన్ అంటూ ఎవరో కాహిర్ నంబరిచ్చారు. పనులన్నీ చూసిపెడితే పడవలో ఒక చోటిస్తానన్నాడు డెరిక్. మా వాడు ఫోన్ పెట్టేసి, వంటింట్లో తనలో తనే నవ్వుకుంటూ రెండు చుట్లు తిరిగాడు.

ఆ శీతాకాలమంతా నా వంటబల్ల మీద ఆ యాత్రే. ఆటుపోట్ల మధ్య నీళ్ళు కదలకుండా నిలిచే సమయాలు ఏ రోజు ఎప్పుడు పడతాయో లెక్కలు కట్టాడు. పడవ నడిపే బార్నీ హార్కిన్‌ని ఆదివారం పూజ అయ్యాక చర్చి గోడ దగ్గర పట్టుకుని, పట్టుకుని, చివరికి ఒప్పించాడు. హీలియం సిలిండర్లకి పక్కింటివాళ్ళ గొడ్లపాక ఖాళీ చేయించాడు. వాళ్ళకి దిగడానికి ఇల్లు చూశాడు. ఎవడు గుడ్డు తినడు, ఎవడు గురకపెడతాడు, ఎవడికి మెత్తటి దిండు పనికిరాదు, అన్నీ వీడే కనుక్కున్నాడు. డెరిక్ ప్రతి ఆదివారం ఫోన్ చేసి, వీడు చేసిన పని వీడికే వివరించి చెప్పేవాడు. వీడు శ్రద్ధగా వినేవాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టేవాడు కాబట్టి నేనూ విన్నాను. ఎప్పుడూ 'పోస్ట్‌మాన్' అనే పిలిచేవాడు డెరిక్. "చూడు పోస్ట్‌మాన్", "అలా కాదు పోస్ట్‌మాన్". అంతకాలంలో ఒక్కసారి కూడా, ఇంతకీ నీ పేరేమిటయ్యా అని అడగలేదు. కుక్కని తెచ్చుకున్నా పేరడుగుతారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"నీ పేరు చెప్పి ఏడవొచ్చు కదరా?" అన్నానొకరోజు.

"ఇప్పుడు చెప్తే నవ్వుతారు నువాలా. ఓడ మీదికి దిగి వచ్చాక చెప్తాను. అప్పుడైతే ఎగతాళి కాదు కదా, నిజమే కదా."

దాచుకున్న మిఠాయిలా ఆ పేరుని దాచుకున్నాడన్నమాట. యాభై ఏళ్ళ మనిషి.

వీళ్ళు పైకొచ్చే పద్ధతి ఒకటి ఉంది, అది నాకు బట్టల దండెం మీద క్లిప్పులు పెట్టి మరీ నేర్పించాడు. పడవలోంచి ఓడదాకా ఒక దిగుడుతాడు వేస్తారు. దాని పక్కనే, పైన బెలూన్ల నుంచి, అడ్డబద్దలు కట్టిన పెద్ద ఊయల ఒకటి నీళ్ళలోకి వేలాడుతుంది. ఊయలనీ దిగుడుతాడునీ కలుపుతూ ఒక అడ్డతాడు. దిగేటప్పుడు ప్రతివాడూ తన పేరున్న బిళ్ళ ఆ కలిసేచోట తగిలించి వెళ్తాడు. వచ్చేటప్పుడు తన బిళ్ళ తీసుకుని అడ్డతాడు పట్టుకుని ఊయల మీదికి పోతాడు. చివర వచ్చినవాడు, ఇంకెవరి బిళ్ళా లేదని చూసుకుని, అడ్డతాడు విప్పేస్తాడు. అప్పుడు ఊయల మనుషులతో సహా పోటుతో పాటు తేలుతూ పోతుంది, పడవ దాని వెంట పోతుంది. విప్పకుండా ఉంటే పోటు పెరిగి అందర్నీ జెండాల్లా ఊపేస్తుంది. బిళ్ళ ఉందంటే మనిషి కింద ఉన్నాడని అర్థం, అతను వచ్చేదాకా మిగతావాళ్ళు ఆగాలి. వీళ్ళు చేసే పనులన్నిటిలో నాకు బుద్ధిగా కనిపించింది ఇదొక్కటే.

మిగతావాళ్ళు బిళ్ళల మీద సొంత పేర్లో పొడి అక్షరాలో రాసుకుంటారు. మా వాడు చేపల పెట్టెలోంచి పసుపు ప్లాస్టిక్ ముక్క కోసి, మేకు ఎర్రగా కాల్చి, దానితో ఇంటిపేరు చెక్కాడు. DIVER అని, పెద్ద పెద్ద అక్షరాలతో. వంటిల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు. కాహిర్ అని రాసుకుంటే సరిపోదా అంటే, నీళ్ళలో ఎవరు నవ్వుతారు అన్నాడు.

జూన్‌లో వాళ్ళొచ్చారు. డెరిక్‌తో పాటు నలుగురు, అందరూ అదే అచ్చు, కావలసినదానికన్నా ఎక్కువ జేబులున్న ప్యాంట్లు. బార్నీ, తన పడవ పనివాడికి నడుం పట్టేసి మంచమెక్కడంతో, తాళ్ళందుకోవడానికీ టీ కాయడానికీ నన్ను రమ్మన్నాడు. నాకు పడవ కొత్త కాదు. వెళ్ళాను.

ఓడ మీదికి దిగే రోజున పడవలో డెరిక్ ఉపన్యాసం ఇచ్చాడు. బిళ్ళ మర్చిపోయే వెధవ ప్రతి గుంపులోనూ ఒకడుంటాడని, అందుకని తను పసుపు రంగు స్పేరు బిళ్ళలు అచ్చువేయించి తెచ్చి అక్కడే తాడుకి తగిలిస్తున్నానని చెప్పాడు. తన ముందుచూపుకి తనే తల ఊపుకున్నాడు. కాహిర్ కూడా ఊపాడు. తరవాత ఒక్కొక్కరే బుడుంగుమని నీళ్ళలో పడ్డారు. అందరికన్నా చివర మా వాడు. దూకేముందు నావైపు చూశాడు. నేను కెటిల్ కడుగుతున్నట్టు నటించాను.

సన్నగా జల్లు, పైన పొగలా మబ్బు. బార్నీ, నేనూ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాం. కొంతసేపటికి బెలూన్లు కదిలి పోటువాలుగా సాగాయి. "ఊయల విప్పారు. అందరూ వచ్చేసినట్టే" అని బార్నీ ఇంజను వేసి నెమ్మదిగా వెంటబడ్డాడు. నేను రొట్టెల మధ్య పందిమాంసం ముక్కలు పెట్టడం మొదలెట్టాను. కాహిర్‌కి ఆవపిండి ఎక్కువ పూశాను.

గంటకి పైగా అలా పోయాక తలలు ఒక్కొక్కటీ తేలాయి. ఒకడు, ఇంకొకడు, చివర డెరిక్. నిచ్చెనెక్కి, ముసుగు తీసి, అద్భుతం అన్నాడు. లారీ స్టీరింగు చేత్తో పట్టుకున్నానన్నాడు. చలేసిందని, అనుకున్న సమయానికన్నా కాస్త ముందే అందరం ఓడ వదిలేశామని కూడా అన్నాడు. ఊయల ఖాళీగా ఊగుతోంది. ఇంకెవరూ తేలలేదు.

"కాహిర్ ఏడీ?" అన్నాడు బార్నీ.

"ఎవరు?"

"పోస్ట్‌మాన్" అన్నాను నేను.

డెరిక్ చుట్టూ చూశాడు. "ముందే పైకొచ్చాడనుకున్నాను. ఊయల మీద మావాళ్ళందరూ ఉన్నారు, చూసుకున్నాను."

"వాడి బిళ్ళ చూశారా?"

"ఎవరి బిళ్ళా లేదు. నాది తప్ప అక్కడున్నవన్నీ నేను పెట్టిన స్పేర్లే."

"స్పేర్ల మీద ఏం రాసుంది?"

"డైవర్ అని. ఇంకేం రాస్తారు?"

బార్నీ చక్రం తిప్పేసి ఇంజను గట్టిగా వేశాడు. రేడియో అందుకుని తీరరక్షకదళాన్ని పిలిచాడు.

"వాడి ఇంటిపేరు డైవర్" అన్నాను.

"ఇది జోకులేసే సమయం కాదు మేడమ్" అన్నాడు డెరిక్.

అతని మొహంలోకి అప్పుడు చూశాను. నిజంగానే జోకనుకున్నాడు. నెలల తరబడి మా వాడి చేత గొడ్డుచాకిరీ చేయించుకున్న మనిషి, నా తమ్ముడు కింద ఉండగా తాడు విప్పి వచ్చిన మనిషి, నేను సరసమాడుతున్నాననుకున్నాడు. కాదని బార్నీ చెప్పాక, బల్ల మీద కూలబడి, బిళ్ళ మీద పేరు స్పష్టంగా ఉండాలని తను ముందే చెప్పానని గొణిగాడు.

"రాసుకున్నాడు" అన్నాను. "మీరు చదివారు."

వెనక్కి, పోటుకి ఎదురుగా వెళ్ళాం. నేను ముందుభాగంలో నిలబడి బైనాక్యులర్స్ పట్టుకున్నాను, అద్దాల మీద జల్లు. దేవుణ్ణి తల్చుకోలేదు. కాహిర్‌నే తిట్టాను. నీకెందుకురా ఇది, ఉత్తరాలిచ్చుకుని బతకలేవా, నీ పేరేమిటో నీకు తెలుసు కదా, ఇంకొకడు చెప్తేగాని నమ్మవా అని, నోటికొచ్చినట్టల్లా, పైకే తిట్టాను. ఆ అయిదుగురూ వింటూ తల వంచుకున్నారు.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిముక్కు అవతల బార్నీకి కనిపించింది. నీళ్ళ మీద ఎర్రటి గొట్టం బుడగ ఒకటి. ఊయల అందనివాడు నీటిలోంచి తాడు కట్టి పైకి వదిలే బుడగ అది.

"నిటారుగా ఉంది చూడు" అన్నాడు బార్నీ. "కింద బరువు లేకపోతే పడుకునేది. ఎవరో పట్టుకున్నారు."

ఎవరో పట్టుకున్నారు. బతికి పట్టుకున్నాడో, తాడు చేతికి చుట్టుకుందో చెప్పడానికి లేదు. పక్కనే పడవ నిలిపి కాచుకున్నాం. ఎవరినన్నా దింపి చూడమంటే, ఇప్పుడే పైకొచ్చాం, మళ్ళీ దిగడం పద్ధతి కాదన్నాడు డెరిక్. అది నిజమేనట, బార్నీ కూడా అవునన్నాడు. నిజమైనంత మాత్రాన అతని నోటి నుంచి వినడానికి బాగుండలేదు. ఆ గొట్టాన్ని చూస్తూ కూర్చున్నాను. కాస్త వాలినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని, అది నిలబడితే మళ్ళీ కూర్చునేదాన్ని. ఎంతసేపో నాకు తెలియదు. టీ అంతా చల్లారి తరకకట్టింది.

చివరికి దాని పక్కన నల్లటి తల తేలింది. చెయ్యెత్తి, వేళ్ళు గుండ్రంగా చుట్టి, బాగానే ఉన్నానని సైగ చేశాడు. అంతా పద్ధతి ప్రకారం.

బార్నీ, నేను కలిసి లాగాం. పెదాలు నీలంగా ఉన్నాయి, మాట తిరగడం లేదు. దుప్పటి చుట్టాను. కలిసేచోటికి వచ్చేసరికి అడ్డతాడు కొస నీళ్ళలో ఊగుతోందట. ముందు తెగిందేమోననుకున్నాడట. పట్టుకు చూస్తే పద్ధతిగా విప్పి ఉందట. అప్పుడర్థమైందన్నాడు. తన బుడగ వదిలి, చేతుల్లో స్పర్శ పోయినా, పైకొస్తూ ఆగాల్సిన ఒక్క మజిలీ కూడా తప్పించకుండా ఒంటరిగా వేలాడి వచ్చాడు.

"దిగేటప్పుడు స్పేర్లు చూడలేదా?" అని అడిగాను.

"చూశాను" అన్నాడు. "నా బిళ్ళ పక్కన నా పేరే వరసగా ఉంది. బాగుందనిపించింది."

ఆ అయిదుగురిలో ఒకడు ముందు ముక్కుతో నవ్వాడు. భయం వదిలిన నవ్వు. తరవాత ఇంకొకడు. "నిజంగానే డైవరా?" అన్నాడు డెరిక్. కాహిర్ పళ్ళు కొట్టుకుంటూ అవునన్నాడు. ఇక పడవంతా ఒకటే నవ్వు. డైవర్ డైవరట, డైవర్‌ని డైవర్ అనుకోలేదట, అటు తిప్పీ ఇటు తిప్పీ రేవు వచ్చేదాకా అదే. డెరిక్ క్షమించమన్నాడు, భుజం తట్టాడు, తన సొంత చాక్లెట్ ముక్క విరిచిచ్చాడు. మా వాడు వాళ్ళతో కలిసి నవ్వాడు. వాళ్ళకన్నా గట్టిగా నవ్వాడు. నేను చల్లారిన టీ సముద్రంలో పారబోశాను. మళ్ళీ కాయలేదు.

ఇంటికొచ్చాక వేణ్ణీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టించి పొయ్యి ముందు కూర్చోబెట్టాను. నీళ్ళలో కాలివేళ్ళు కదుపుతూ కూర్చున్నాడు. తరవాత, "విన్నావా నువాలా?" అన్నాడు.

"ఏమిటి వినేది?"

"డైవర్ అన్నారు."

"నవ్వుతూ అన్నార్రా. నిన్ను చంపబోయి, దాని మీద జోకులేసుకున్నారు."

"ముందు నవ్వారు. వ్యాన్ ఎక్కేటప్పుడు డెరిక్ ఊరికే అన్నాడు. 'రేపు ఆరింటికి, డైవర్' అన్నాడు. నవ్వలేదు. నువ్వు వ్యాన్ తలుపు దగ్గరే ఉన్నావు."

నేను తలుపు దగ్గరే ఉన్నాను, విన్నాను. నవ్వలేదు. ఎవరినైనా పిలిచినట్టు పిలిచాడు. వాడి మొహం చూశాను. పొయ్యి వెలుగులో, ఇంకా నీలం వదలని పెదాలతో, అంత సంతోషంగా నా తమ్ముణ్ణి నేనెప్పుడూ చూడలేదు. అసహ్యం వేసింది. ఏడుపూ వచ్చింది. లేచి కిటికీ వేశాను.

పొద్దున్నే లేపమన్నాడు. లేపనన్నాను.

సరేనని వాడే అలారం పెట్టుకున్నాడు.